వరి - రైస్ : ఒక ఆంగ్లపదముయొక్క వంశవిచారము

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు బాటవెంట, కుందూనది పరీవాహమున, కాలువనీరు అందిన చోటనెల్ల వరిమళ్లు కనిపించును. పొలముననున్నంతవరకు ఆ పైరు వరి. కళ్లమునకు వచ్చినపుడు వడ్లు. దంచినను మరలో ఆడించినను బియ్యము. విరిగినవి నూకలు, పైపొర తవుడు, పొట్టు ఊక. వండిన పిదప అన్నము, పసిబిడ్డకు బువ్వ. ఒక్క గింజ తన యాత్రలో ఇన్ని పేర్లను ధరించుచున్నది. కాని ఆ వడ్లను ఆడించు మర వాకిటి బల్లపై మాత్రము 'రైసు మిల్లు' అని వ్రాసియుండును. మన భాషలో ఏడెనిమిది మాటలున్నచోట ఆంగ్లమున నున్నది ప్రధానముగా ఈ ఒక్కటియే.

ఈ 'రైస్' అను మాట మనదేయనియు, తెనుగున 'వరి', తమిళమున 'అరిసి' అను పదములే యవనుల నోటబడి రూపుమారి ఆంగ్లమునకు చేరినవనియు తరగతిగదులలో తరచుగా వినబడును. వరి పండించు సీమలోని విద్యార్థికి ఈ మాట ఎంతో ప్రియముగా నుండును. ప్రియమైన వ్యుత్పత్తిని ఎక్కువ జాగ్రత్తతో పరీక్షింపవలసియున్నది. ఈ పదము మనదన్నచో ఏ యర్థమున మనది? తల్లియా, తోబుట్టువా, లేక దూరపు చుట్టమా? ఈ ప్రశ్నకు లభ్యమైన ఆధారములు ఎంతవరకు సమాధానమీయగలవో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. కొలబద్దగా ఒక నిశ్చితపదము

సందిగ్ధమైనదానిని పరిశీలించుటకు ముందు నిశ్చితమైనదానిని ఒకదానిని ఎదుట నుంచుకొనుట మంచిది. అట్టి పదము మనకు వరిమడిగట్టుననే లభించుచున్నది. గట్లను తొలిచి, కంకులను కొఱికి కలుగులలో దాచుకొను పందికొక్కును ఎఱుగని రైతు లేడు. ఆంగ్లమున దీనికి 'బాండికూట్' అని పేరు. యూల్, బర్నెల్ అను పండితులు 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను ఆంగ్లో-ఇండియన్ పదకోశము ఇది తెనుగు 'పందికొక్కు'యే యని నిర్ణయించినది. తరువాతి నిఘంటుకర్తలును దానినే అంగీకరించిరి.

ఈ నిర్ణయమునకు బలమెక్కడిది? మొదట స్థలకాలములను చూడవలెను. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకము ప్రారంభించిరి. తెలుగు కూలీలతోను, సేవకులతోను, వర్తకులతోను వారికి ఒకటిన్నర శతాబ్దికి పైగా సంబంధమేర్పడిన పిదప, 18వ శతాబ్ది చివర, దక్షిణదేశమునుగూర్చి వ్రాసిన ఆంగ్లగ్రంథములలో ఈ పదము కానవచ్చుచున్నది. ఇచ్చిన చేయియు పుచ్చుకొన్న చేయియు ఒకేచోట నున్నవి. రెండవది పొరుగుభాషల సాక్ష్యము. ఇదే జంతువును తమిళులు 'పెరుచ్చాళి' యందురు, కన్నడిగులు 'హెగ్గణ' యందురు. పంది, కొక్కు అను రెండు మాటలు కలిసి ఒక పేరైనది తెనుగుననే. మూడవది అర్థము. మూలమున ఏ జంతువునకు పేరో ఋణగ్రహీతయు ఆ జంతువునకే వాడినాడు. ఆస్ట్రేలియా ఖండమున కడుపుసంచిగల చిన్న జంతువులకు ఆ పేరు పెట్టుట పిమ్మట జరిగినది. 1873లో గ్రే అను జంతుశాస్త్రజ్ఞుడు మన పందికొక్కుల ప్రజాతికి 'బాండికోటా' అని శాస్త్రనామము పెట్టుటతో మన పల్లెమాట లాటిన్ వేషము కూడ ధరించినది.

ధ్వనివిషయమున మాత్రము చిన్న లోపమున్నది. మొదటి పకారము బకారమగుటను అర్థము చేసికొనవచ్చును. కాని చివరి 'క్కు' 'కూట్' అగుట ఏ నియమమునకును లొంగదు. అది పరదేశీయుని చెవి చేసిన మార్పు. స్థలము, కాలము, అర్థము, పొరుగుభాషల సాక్ష్యము ఇంత గట్టిగా నుండుటచేతనే ఈ లోపమును మనము క్షమించుచున్నాము. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. 'రైస్' విషయమున మనకు ఇట్టి సాక్షులు ఎందఱు కలరో ఇక చూతము.

2. ఆంగ్లమునుండి యవనమువఱకు

ఈ భాగమున వివాదము లేదు. 'రైస్' 13వ శతాబ్దిలో ఆంగ్లమున ప్రవేశించినది. అప్పటికి ఇంగ్లండున వరి పండదు. చక్కెర, బాదముపప్పు, సుగంధద్రవ్యములతోపాటు దూరదేశమునుండి వచ్చి ధనికుల వంటశాలలకు మాత్రమే చేరిన విలువైన సరకు అది. ఆంగ్లమునకు ఈ మాటనిచ్చినది ప్రాచీన ఫ్రెంచి 'రిస్'. దానికి మూలము ఇటాలియన్ 'రీసో'. ఇటలీకి ఈ మాట లాటిన్, గ్రీకు భాషల 'ఒరూజా' నుండి వచ్చినది. ఉత్తర ఇటలీలో వరి నిజముగా వేళ్లూనినది 15వ శతాబ్దిలో. 1475లో మిలాను ప్రభువు ఫెరారా ప్రభువునకు వరివిత్తులు పంపిన వార్త చరిత్రప్రసిద్ధము. అనగా ఐరోపాలో పెక్కుచోట్ల మాట ముందు, మడి తరువాత.

ఇచ్చట ఒక చీలికను గమనింపవలెను. స్పానిష్, పోర్చుగీసు భాషలలో బియ్యమునకు 'అర్రోజ్' అని పేరు. అది అరబ్బీ 'అర్-రుజ్' నుండి, నిర్దేశకప్రత్యయముతో సహా, వచ్చినది. అరబ్బు నావికులు మన తీరమున విన్న 'అరిసి'యే ఐరోపాకు పోయినదని చెప్పువారు ఈ రెండు మార్గములను కలిపివేయుచున్నారు. 'అర్రోజ్' అరబ్బుల మార్గమున పోయినది, నిజమే. కాని ఆంగ్లపు 'రైస్' ఆ మార్గమున పోలేదు. దాని పూర్వుడు అరబ్బు నౌకలకు ఎన్నో శతాబ్దులకు ముందే గ్రీకు గ్రంథములలో కూర్చుండియున్నాడు.

గ్రీకున 'ఒరూజా' స్పష్టముగా కనిపించునది అలెగ్జాండరు దండయాత్రకు పిమ్మట. క్రీ. పూ. 300 ప్రాంతమున థియోఫ్రాస్టస్ తన వృక్షశాస్త్రమున భారతదేశపు పైరుగా దీనిని వర్ణించెను. అలెగ్జాండరు వెంట వచ్చిన అరిస్టోబులస్ చెప్పిన విషయములను స్ట్రాబో ఉద్ధరించెను. వరి గట్లుకట్టిన మళ్లలో, నీటిలో నిలిచి పెరుగుననియు, అది బాక్ట్రియా, బాబిలోనియా, సూసా ప్రాంతములలోను, దిగువ సిరియాలోను పండుననియు ఆ వర్ణన చెప్పుచున్నది. అంతకు పూర్వము క్రీ. పూ. 5వ శతాబ్దికి చెందిన సోఫొక్లీసు నాటకఖండమొకదానిలో 'ఒరిందేస్' అను రొట్టె పేరు కలదు. దానిని వరిరొట్టెగా కొందఱు పూర్వులు వ్యాఖ్యానించిరి. ఆ రూపములోని అనునాసికమును పాఠకులు గుర్తుంచుకొందురుగాక. దానితో మనకు పని యున్నది.

అరిస్టోబులస్ పేర్కొన్న దేశములను పటమున చూచినచో మార్గము తెలియును. అవి కావేరీ, కృష్ణా ముఖద్వారములు కావు. ఇరానును, దానికి ఇరుప్రక్కలనున్న దేశములును. గ్రీకులు ఈ మాటను విన్నది నౌకామార్గమున కాదు, సేనలు నడచిన భూమార్గమున.

3. ఇరానీ రూపములు, వ్రీహి

ఆ భూమార్గమున నేటికిని మాట్లాడు భాషలలో వరిపేరు ఎట్లున్నది? పష్తూ భాషలో 'వ్రిజె', పారసీకమున 'బిరింజ్', ఆర్మీనియన్‌లో 'బ్రింజ్'. గ్రీకు 'ఒరూజా'లోని మొదటి అచ్చు, పలుకలేని వకారమునకు గ్రీకులు చేసికొన్న ప్రత్యామ్నాయమని భాషావేత్తల అభిప్రాయము. కావున గ్రీకుపదము తూర్పు ఇరానీ భాషలలోని 'వ్రిజ్' వంటి రూపమునుండి వచ్చినదని చెప్పుట సమంజసము.

సంస్కృతమున దీనికి జతయైనది 'వ్రీహి'. సంస్కృత హకారమునకు ఇరానీ భాషలలో ఊదిపలుకు జకారము వచ్చుట నియతము. సంస్కృత 'అహమ్' అవెస్తాలో 'అజెమ్'. 'హస్త' శబ్దము 'జస్త'. కావున 'వ్రీహి'కి 'వ్రిజ్' వంటి రూపము సరిపోవును. అంతటితో ఇది ఆర్యపదమేయని తీర్పు చెప్పవచ్చునా? రెండు అడ్డంకులు గలవు. మొదటిది, ఋగ్వేదమున 'వ్రీహి' లేదు. అచ్చటి ధాన్యము 'యవ'. అథర్వవేదమునకు వచ్చునప్పటికి మాత్రమే వ్రీహి కానవచ్చుచున్నది. ఆర్యభాష తూర్పునకు జరిగి వరిపొలములను చూచిన కొలది ఈ మాట దానిలో చేరినదనుకొనుట సహజము. రెండవది, పారసీక, ఆర్మీనియన్ రూపములలోని అనునాసికము. 'వ్రీహి'లో అది లేదు. 'వ్రీహి'నుండి దానిని పుట్టించుటకు నియమమును లేదు. ఒకే మూలపదము ఒకచోట అనునాసికముతోను, ఒకచోట అది లేకయు స్వీకరింపబడినదనుకొన్నచో ఈ చిక్కు విడును. అనగా వ్రీహియు ఋణపదమే కావచ్చును. ఆ ఋణదాత యెవరు?

4. వరి, వంజి, అరిసి

ఇచ్చట ద్రావిడభాషలు రంగమున ప్రవేశించుచున్నవి. తెనుగున 'వరి'. తెలంగాణమున ఆదిలాబాదు ప్రాంతమునను, దాని ఉత్తరమునను మాట్లాడు గోండీ భాషలో 'వంజి'. బస్తరులోని పర్జీ భాషలో 'వెర్చి'. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన నుంచినచో ఒక విశేషము గోచరించును. తెనుగు పదము ముందు సగమును నిలుపుకొన్నది, చివరను జారవిడిచినది. గోండీ చివరనున్న అనునాసికమును, తాలవ్యమును నిలుపుకొని నడుమనున్న రేఫమును పోగొట్టుకొన్నది. పర్జీ రేఫమును తాలవ్యమును నిలుపుకొన్నది. మూడు ముక్కలను కూర్చినచో 'వరించి' లేక 'వరింజి' వంటి మూలరూపము ఊహకు వచ్చును. సౌత్‌వర్త్ మొదలగువారు ఇట్టి రూపమునే ప్రతిపాదించిరి. దీనియందు వకారము, రేఫము, అనునాసికము, తాలవ్యము నాలుగును ఉన్నవి. పారసీక 'బిరింజ్'లోని అనునాసికము ఎక్కడిదను ప్రశ్నకు ఇది ఒక చక్కని సమాధానము. ద్రావిడమూలవాదమునకు ఉన్న నిజమైన బలము ఇదియే. తరగతిగదులలో చెప్పు 'అరిసి' పోలికకంటె ఇది ఎన్నో రెట్లు గట్టిది.

తమిళ 'అరిసి'నుండి గ్రీకుపదమును సాధించిన ప్రసిద్ధుడు కాల్డ్వెల్. ఆయన ద్రావిడభాషాతులనాత్మక వ్యాకరణము 1856లో వెలువడినది. ముప్పదియేండ్లకు యూల్ ఆ వ్యుత్పత్తిలోని ఆకర్షణను ఒప్పుకొనియు నిశ్చయముగా స్వీకరింపలేదు. ఆయన సంకోచమునకు నేటికిని విలువ యున్నది. తమిళమున పదాదివకారము ఊరక లోపించుట నియతము కాదు. అందువలననే బరో, ఎమెనో పండితులు తమ ద్రావిడవ్యుత్పత్తి నిఘంటువున 'అరిసి'ని, 'వరి'ని వేర్వేరు పద్దుల క్రింద చేర్చిరి. 'అరిసి'కి మలయాళ 'అరి', కన్నడ 'అక్కి' బంధువులు. 'వరి'కి వంజి, వెర్చి బంధువులు. రెండు కుటుంబములును ఒకటేయని చూపవలెనన్నచో ఇంకను ఆధారములు కావలెను. ఆ పని జరుగకమునుపే 'వరి, అరిసి, ఒరూజా' అని ఒక వరుసలో చదువుట, వేర్వేరు ఇండ్లవారిని ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టి అన్నదమ్ములనుట వంటిది.

ద్రావిడమూలవాదమునకు మఱొక ప్రత్యర్థియు గలదు. మలయ్ భాషలో బియ్యమునకు 'బెరస్', టిబెటన్‌లో 'బ్రస్' అని పేరు. వరిసాగు అతిప్రాచీనముగా ఆరంభమైన చోట్లలో చైనాలోని యాంగ్‌ట్సీ లోయ ఒకటి. అచ్చటి వంగడములు పశ్చిమమునకు వచ్చి గంగాలోయలోని వంగడములతో కలిసినవని వృక్షజన్యుశాస్త్రము చెప్పుచున్నది. వంగడముతో మాటయు వచ్చినదని కొందఱ వాదము. అట్లైనచో మన వరియు, వారి వ్రీహియు రెండును మూడవ ఇంటినుండి ఎరువు తెచ్చుకొన్నవే యగును.

5. అమ్మినవాడు ఏమని అమ్మును?

ధ్వనివిచారమున మునిగిన పండితులు అర్థమును కొంత ఉపేక్షించినారు. ఈ విషయమున నంద్యాల బజారే మనకు గురువు. ధాన్యపు వ్యాపారి దుకాణమున నిలిచి 'వరి కావలెను' అనువాడుండడు. వరి పైరు పేరు. అమ్మునది వడ్లు, లేక బియ్యము. దూరదేశపు ఓడకు ఎక్కించునది, పొట్టుతో బరువు పెరుగకుండ, ప్రధానముగా బియ్యమే. క్రీ. శ. 1వ శతాబ్దినాటి 'పెరిప్లస్' అను గ్రీకు నౌకాయానగ్రంథము పశ్చిమభారతమునుండి బియ్యము ఎగుమతియగుటను పేర్కొనుచున్నది. అట్టి వర్తకమున తెలుగువాడు యవనునకు తన సరకును చూపి పేరు చెప్పియున్నచో, వాని నోట వెలువడవలసిన మాట 'బియ్యము' గాని 'వరి' కాదు. బియ్యమునకు యవనభాషలో జాడ లేదు.

కావున 'వరి' వంశములోని మాట పశ్చిమమునకు పోయియున్నచో అది వర్తకుడు మోసికొనిపోయినది కాదు. విత్తును, మడిని, నారును, పైరును ఒక కృషీవలుడు మఱొక కృషీవలునకు నేర్పినపుడు, పొలమునుండి పొలమునకు నడచిపోయినదై యుండవలెను. ఇది అరిస్టోబులస్ చూపిన భూమార్గముతో సరిపోవుచున్నది. ఓడయెక్కిన తెనుగుపదముగా 'రైస్'ను ఊహించుటకు మాత్రము ఇది గట్టి ఆక్షేపణ.

కాలవిషయమున మనకున్న దారిద్ర్యమును దాచరాదు. తెనుగు గద్యమున తొలి శాసనములు రేనాటి చోళులవి. కుందూ దిగువప్రాంతమును, పెన్నా పరిసరములును ఆ రేనాటిలోనివే. కలమళ్ల శాసనకాలము సుమారు క్రీ. శ. 575. థియోఫ్రాస్టస్‌కును దానికిని నడుమ దాదాపు తొమ్మిదివందల యేండ్లు గలవు. కావున 'ఒరూజా' పుట్టిననాడు 'వరి' ఏ రూపమున నుండెనో చెప్పగల వ్రాతసాక్షి తెనుగున లేడు. తులనాత్మకపద్ధతి ఒక్కటే శరణ్యము. పందికొక్కునకు ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు, చోటు, కాలము అన్నియు దొరకినవి. వరికి వీనిలో ఒక్కటియు చేతికి చిక్కలేదు.

6. కుందూలోయ మట్టి చెప్పినది

వ్రాతసాక్షి లేనిచోట మట్టి కొంత చెప్పగలదు. నంద్యాల ఆళ్లగడ్డలకు ఇది ప్రత్యేకముగా వర్తించును. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య ప్రభృతులు దక్షిణభారత నవీనశిలాయుగ స్థలములనుండి మాడిన గింజలను సేకరించి పరీక్షించి 2004లో ఫలితములను ప్రకటించిరి. వారు పరీక్షించిన వానిలో రూపనగుడి, పెద్దముడియము వంటి కుందూపరీవాహపు స్థలములు కలవు. క్రీ. పూ. 3, 2 సహస్రాబ్దులలో ఈ సీమలో పశువులను మేపుచు సేద్యము చేసిన జనుల ముఖ్యాహారము వారి పరిశోధనవలన తెలియవచ్చినది. అండుకొర్ర, కొర్రకు దాయాదియైన మఱొక చిరుధాన్యము, పెసర, ఉలవ. ఈ నాలుగును దక్షిణదేశపు సొంత పంటలు. గోధుమ, యవలు కొన్ని స్థలములలో అరుదుగా లభించినవి. ఆ తొలి సేద్యపు మూలాధారములలో వరి లేదు. దక్షిణమున వరి బలపడినది అటుపిమ్మట, ముఖ్యముగా క్రీ. పూ. మొదటి సహస్రాబ్దిలో.

ఈ ఫలితము మన అభిమానమునకు కొంత కష్టము కలిగించును. నేడు వరికి పేరుపొందిన ఈ లోయయే, తన తొలి కృషీవలులు వరి తినువారు కారని సాక్ష్యమిచ్చుచున్నది. ఆ జనులు మాట్లాడినది ద్రావిడభాషయే యని కొందఱు విద్వాంసులు తలంచుచున్నారు. అది నిజమైనచో వారు ఇంటిమాటగా కలిగియుండదగినది తమిళ 'పయఱు'తో చుట్టరికముగల 'పెసర' వంటిది. 'వరి' కాదు. మాట మూలద్రావిడమునదే యైనను, అది వరి అడవిగా మొలచు తడినేలలయందు, అనగా మధ్యభారతపు తూర్పుభాగమునో, ఇంకను ఉత్తరమునో, తొలుత వాడబడియుండవలెను. గోండీ, పర్జీ భాషలు మూలరూపమును తెనుగుకంటె నిండుగా నిలుపుకొనుట ఈ ఊహకు అనుకూలముగా నున్నది. ఐనను కొద్ది స్థలముల గింజలనుబట్టి ద్రావిడదేశమంతటికిని తీర్పు చెప్పరాదు. ఈ లోయమట్టుకు మాత్రము తీర్పు స్పష్టము.

7. కాలువ, మర, తిరిగివచ్చిన మాట

చరిత్రకాలమునను ఈ సీమ వరిసీమగా సర్వత్ర పేరొందలేదు. మహానందివంటి ఊటలక్రిందను, చెరువులక్రిందను వరి పండుచుండెను. మహానంది కోనేటినుండి పాఱు నీరు నేటికిని మళ్లను తోటలను తడుపుచున్నది. కాని నల్లరేగడి పొలమంతయు జొన్న, కొర్ర, పత్తి. సామాన్యజనుల నిత్యాహారము జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నము. వరియన్నము పండుగకు, చుట్టము వచ్చిననాటికి. 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860వ దశకమున తుంగభద్రపై సుంకేసులకడ ఆనకట్ట కట్టి, కర్నూలు-కడప కాలువను త్రవ్వించినది. ఆ కాలువ నంద్యాల, ఆళ్లగడ్డ సీమలమీదుగా కడపవైపు పోవుచున్నది. కాని తొలినాళ్లలో నల్లరేగడిరైతులు ఆ నీటిని పుచ్చుకొనుటకు సంకోచించిరి. వానతో పండు నేలను నీటితో ముంచుట వారికి నష్టముగా తోచినది. కంపెనీకి లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చినది. వరి తనంతట తానే ఈ నేలయొక్క స్వభావము కాదనుటకు ఇది ఆధునికసాక్ష్యము.

అట్టి నేల కాలక్రమమున వరికి అలవడినది. కాలువ బాగుపడినది, వెలుగోడు జలాశయము వంటివి తోడైనవి, మరలు వెలసినవి. 1983లో రాష్ట్రప్రభుత్వము కిలో రెండురూపాయల బియ్యపుపథకమును ప్రారంభించినది. జొన్నతిను ఇండ్లలోనికి కూడ బియ్యము నిత్యాహారముగా ప్రవేశించినది. ఇదే సమయమున బాపట్ల పరిశోధనాస్థానమునుండి 1986లో వెలువడిన సాంబమసూరి ఈ సీమ మళ్లను విస్తారముగా ఆక్రమించినది.

ఈ పేరునే ఒక్కక్షణము పరికింపుడు. 'సాంబ' తమిళదేశపు వరికారు పేరు. 'మసూరి' మలేషియానుండి వచ్చిన 'మహ్సూరి' అను వంగడపు పేరు. అది లాంకావీ ద్వీపపు గాథలోని ఒక స్త్రీ నామము. ఆంధ్రదేశమున పుట్టి, కుందూగట్టున పండి, తమిళ, మలయ్ పేర్లు రెండింటిని మోయుచున్న వరి ఇది. ఆంగ్లేయులు వడ్లను 'పాడీ' యనుటయు మలయ్ 'పాదీ'నుండియే. మాటలు ప్రయాణము చేయుట పూర్వకాలపు వింత కాదు. మన కన్నులయెదుటనే జరుగుచున్నది. ఇప్పటినుండి రెండువేలయేండ్లకు వ్రాతలన్నియు నశించినచో, ధ్వనిసామ్యముమాత్రముచే ఒక పండితుడు 'మసూరి'ని తెనుగు మాటగా సాధింపవచ్చును. అతడు పొరబడుటకు కారణము మనకు తెలియును. మనము 'ఒరూజా' విషయమున అట్లు పొరబడకుండుటకు ఏమి హామీ కలదు?

8. ఉపసంహారము

పై విచారమువలన తేలిన విషయములను మూడు తరగతులుగా విభజింపవచ్చును. ఆంగ్ల 'రైస్' ఫ్రెంచి, ఇటాలియన్ భాషల మీదుగా గ్రీకు 'ఒరూజా'నుండి వచ్చినదనుట నిశ్చితము. ఆ గ్రీకుపదము ఇరానీ భాషలనుండి భూమార్గమున వచ్చినదనుట మిక్కిలి సంభావ్యము. ఆ ఇరానీ రూపములును, వ్రీహియు, తెనుగు వరియు, గోండీ వంజియు ఒకే ప్రాచీనపదముయొక్క సంతానమనుట ఆదరింపదగిన ఊహ. ఆ ప్రాచీనపదము ద్రావిడమా, మఱొకటియా యనునది నేటికిని తేలని వ్యాజ్యము. ఇంతకుమించి 'రైస్ తెనుగుమాట' యనుట విద్యార్థికి ప్రమాణమును బోధించుట కాదు, తృప్తిని పంచిపెట్టుట.

ఇది మనకు న్యూనతయని తలంపనక్కఱలేదు. ప్రపంచభాషలకు తెనుగు ఇచ్చిన మాట కావలెనన్నచో గట్టుక్రింద పందికొక్కు ఉన్నది. దానికి దస్తావేజులన్నియు సక్రమముగా నున్నవి. అది గొప్ప మాట కాదని మనము దానిని తరగతిలో చెప్పుటకు ఇష్టపడము. అన్నమంతటి గొప్ప మాట మనదనిపించుకొనవలెనని ఆశింతుము. వ్యుత్పత్తిశాస్త్రమునకు గొప్ప మాట, అల్ప మాట అను భేదము లేదు. రుజువైనది, కానిది అను భేదము మాత్రమే కలదు.

పరిశోధకవిద్యార్థులకు ఇచ్చట చేయదగిన పని ఎంతయో మిగిలియున్నది. కుందూ పరీవాహమున వరి, వడ్లు, నారు, మడి, కుప్ప, కళ్లము మొదలగు వ్యవసాయపదములను ఊరూర సేకరించి, గోండీ, పర్జీ, కన్నడ రూపములతో పోల్చవలెను. ఏ మాటలు చిరుధాన్యముల సేద్యమునుండి వరికి అరువుగా వచ్చినవి, ఏవి వరితోనే వచ్చినవి అని వేఱుచేయవలెను. కొర్ర కుప్పకును వరి కుప్పకును ఒకటే పేరున్నచో, పంట మాఱినను పనిమాట నిలిచినదని తేలును. వేఱుపేరున్నచో ఆ పేరు ఎక్కడిదని అడుగవచ్చును. కోతయంత్రములు వచ్చినపిదప కుప్పలు, కళ్లములు తఱుగుచున్నవి. ఆ మాటలు నోట నున్న పెద్దలును తఱుగుచున్నారు. ఒరూజా వంశవృక్షమున తల్లి చోటు ప్రస్తుతము ఖాళీగా నుంచుటయే న్యాయము. ఆ చోటును ఎన్నడైన నింపగల సాక్ష్యము ఉన్నచో, అది ఇట్టి పనిమాటలలో దాగియుండవచ్చును.